కరెంటు పెట్టించుకునే రోజుల్లో పసుపు, ఉసిరి క్యాప్సూళ్లు: మా బాపుకు వేసి ఆపిన అనుభవం

మీ అత్తమ్మకు ఎడమ రొమ్ము ఆపరేషన్ అయింది, సోమవారం నుంచి కరెంటు, అంటే రేడియేషన్, మొదలు. గుండె, ఊపిరితిత్తులు పాడవకుండా పసుపు, ఉసిరి, తులసి సారం క్యాప్సూళ్లు వేయొచ్చా అని అడిగారు. కూరలో పసుపు, అన్నంలోకి ఉసిరికాయ పచ్చడి మామూలుగా పెట్టండి. క్యాప్సూళ్లు మాత్రం రేడియేషన్ డాక్టర్‌కు చూపించేదాకా మూత తీయకండి. నేను డాక్టర్‌ను కాను, హన్మకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ని. ఆ కెమిస్ట్రీతోనే బోల్తా పడ్డాను.

మూడేళ్ల కింద మా బాపుకు బుగ్గ లోపల పుండు క్యాన్సర్‌గా తేలింది. జర్దా అలవాటు. ఆపరేషన్ తర్వాత హైదరాబాద్‌లో 30 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. ఆసుపత్రి దగ్గరే గది తీసుకున్నాం, శుక్రవారం సాయంత్రం రైలెక్కి కాజీపేటలో దిగేవాళ్లం. రెండో వారంలో నోరంతా పూసింది. అప్పుడే మా బావ జగిత్యాల నుంచి ఒక సీసా పట్టుకొచ్చాడు. పసుపు సారం, మిరియాల సారం, ద్రాక్ష గింజలు, గ్రీన్ టీ అన్నీ అందులోనే, 2,800 రూపాయలు. అవయవాలను రేడియేషన్ నుంచి కాపాడుతుందని దాని మీద రాసి ఉంది.

బాపు అనుమానంగా చూస్తే నేనే నచ్చజెప్పాను. కిరణాలు ఒంట్లోని నీటిని చీలుస్తాయి, హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి, అవి పోయి కణాల్లోని డీఎన్ఏను తెంచుతాయి, ఈ మొక్కల సారాలు వాటికి ఎలక్ట్రాన్ ఇచ్చి చల్లబరుస్తాయి అని. అందులో తప్పు లేదు. ఎక్స్ కిరణాలు చేసే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఈ రాడికల్స్ ద్వారానే జరుగుతుంది. క్లాసులో చెప్పినట్టు చెప్పాను, బాపు మింగాడు. ఎనిమిది రోజులు, పూటకు రెండు.

తొమ్మిదో రోజు ఓపీలో అమ్మ చెంచా కోసం సంచి బోర్లిస్తే సీసా దొర్లి డాక్టర్ బల్ల కాళ్ల దగ్గర ఆగింది. ఆయన తీసి, కళ్లజోడు పైకి నెట్టి లేబుల్ మొత్తం చదివాడు. కోప్పడలేదు. "సార్, మీరేం పని చేస్తరు?" అన్నాడు. చెప్పాను. "అయితే మీరే చెప్పండి. క్యాన్సర్ కణం ఏదో, మంచి కణం ఏదో ఈ గోళీకి ఎట్ల తెలుస్తది?"

నా దగ్గర జవాబు లేదు. క్యాన్సర్ కణాన్ని చంపేది కూడా ఆ రాడికల్సే. ఆరు వారాలు తిరిగి ఒంట్లో పుట్టించుకుంటున్న దాన్నే నేను డబ్బు పెట్టి తుడిపిస్తున్నాను.

అలాగని మొక్కల మీద జరిగిన పరిశోధన ఒట్టి మాటలు కావు. మణిపాల్ కస్తూర్బా మెడికల్ కాలేజీలో ఉమాదేవి బృందం తులసి నుంచి ఓరియెంటిన్, విసెనిన్ అనే పదార్థాలు తీసి ఎలుకలకు ఇస్తే, రేడియేషన్ దెబ్బ నుంచి ఎముక మజ్జ చాలావరకు తట్టుకుంది. ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన ఇన్మాస్ సంస్థ కూడా హిమాలయాల మొక్కల మీద ఇలాంటి పని చేసింది. అణు ప్రమాదంలో మనిషిని ఎలా కాపాడాలన్న ప్రశ్నకు అది పనికొచ్చే దారి. మీ అత్తమ్మ ప్రశ్న అది కాదు. పైగా తులసి పదార్థాలను ఎలుకలకు కిరణాలు తగలకముందే ఇంజెక్షన్‌గా ఇచ్చారు. మనం మింగే పసుపు సారం రక్తంలోకి ఎక్కేదే కొంచెం, అందుకే క్యాప్సూళ్లలో మిరియాల సారం కలుపుతారు.

మనుషుల్లో చూసినవి చెప్తాను. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిలో కొందరికి విటమిన్ ఈ, బీటా కెరోటిన్ ఇచ్చారు. 2005లో ఫలితాలొచ్చాయి. నోటి బాధలు తగ్గాయి, నిజమే. కానీ వాడిన వాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ వైపు కనిపించింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పసుపు విషయానికొస్తే, రొమ్ము క్యాన్సర్ రేడియేషన్‌లో చర్మం కమలకుండా పసుపులో ఉండే కర్క్యుమిన్‌ను రోజుకు 6 గ్రాములు ఇచ్చి అమెరికాలో 30 మందిలో చూస్తే బాగుందన్నారు. 2018లో 686 మందితో చేసిన పెద్ద పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇంకొకటి. రేడియేషన్ అయ్యాక చాలామందికి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడే టామోక్సిఫెన్ మాత్ర రాస్తారు. పసుపు, మిరియాల సారాలు కలిపి వాడితే ఆ మందు రక్తంలో తగ్గుతోందని నెదర్లాండ్స్‌లో ఒక చిన్న అధ్యయనంలో తేలింది. మీ సీసా మీద "పైపరిన్" అని ఉందేమో చూడండి, మిరియాల్లోని పదార్థం అదే.

మరి గుండె సంగతి? ఎడమ రొమ్ము కాబట్టి మీ భయం సబబే. దానికి దారి సీసాలో లేదు, మెషీన్ గదిలో ఉంది. గట్టిగా ఊపిరి పీల్చి బిగబడితే గుండె రొమ్ము గోడ నుంచి కాస్త వెనక్కి జరుగుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే కిరణాలు వేసే పద్ధతి ఉంది. "ఊపిరి బిగబట్టి చేసే రేడియేషన్ మీ దగ్గర ఉందా, మా అత్తమ్మకు పనికొస్తుందా, ప్లాన్‌లో గుండెకు ఎంత డోస్ పడుతోంది?" అని అడగండి. ఉందంటే ఇప్పటి నుంచే ఇంట్లో పడుకోబెట్టి ఇరవై సెకన్లు ఊపిరి ఆపడం అలవాటు చేయించండి. చర్మం నల్లబడితే చుట్టాలు పసుపు ముద్ద రాయమంటారు, అడగకుండా రాయకండి. కిరణాలు ఎక్కడ పడాలో చర్మం మీద వేసిన గుర్తులు చెరిగితే మళ్లీ కొలతలు మొదలు.

మా బాపుకు పనికొచ్చినవి చూస్తే నవ్వొస్తుంది. కరెంటుకు ముందే పళ్ల డాక్టర్‌కు చూపించడం, లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఆరేడుసార్లు పుక్కిలించడం, కారం లేని మెత్తటి పప్పన్నం. ఎనుమాముల మార్కెట్లో నలభై ఏళ్లు మిర్చి ఘాటులో బతికిన మనిషి, ఆ పప్పన్నం చూసి అమ్మను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇప్పుడు బాగున్నాడు. నోరు ఎండుతుంది, ఎక్కడికి పోయినా నీళ్ల సీసా చేతిలో ఉండాలి.

సోమవారం పోయేటప్పుడు మీ క్యాప్సూళ్ల సీసా కూడా సంచిలో పెట్టుకోండి. మాలాగా అది దొర్లి పడేదాకా ఆగకుండా మీరే బల్ల మీద పెట్టండి.