చిన్న వైండింగ్ షాపులో అప్రెంటిస్‌గా చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పూర్తిచేశాడు. మా ఊళ్లో ఆరుగురు పనిచేసే మోటార్ వైండింగ్ షాపు యజమాని ఏడాదిపాటు అప్రెంటిస్‌గా పంపమంటున్నారు. పెద్ద కంపెనీలో అవకాశం వచ్చేదాకా ఆగమంటారా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆగవద్దండీ, పంపండి. నోటిమాట మీద మాత్రం పంపకండి.

పెద్ద ఫ్యాక్టరీలో కొత్త కుర్రవాడికి చాలాసార్లు ఒకే విభాగం, ఒకే యంత్రం దక్కుతాయి. వైండింగ్ షాపులో అలా కాదు. పొలం మోటారు కాలిపోయి వచ్చిందంటే, ఒక ఫేజు పోయినా నడిపారా, బేరింగు పట్టేసిందా, లోపలికి నీరు దిగిందా అని విప్పి చూడాలి. పాత కాయిల్ చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి రాసుకోవాలి. స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం పెట్టి, కొత్త కాయిళ్లు దించి, వార్నిష్ వేసి ఆరబెట్టి, ఇన్సులేషన్ గట్టిగా ఉందో లేదో చూపే మెగ్గర్ మీటరుతో పరీక్షించాలి. పైరు ఎండిపోతోందని రైతు ఎదురుగా నిలబడి తొందరపెడుతుంటే, ఇదంతా తప్పు లేకుండా చేయాలి. ఈ పనితనం తరగతిలో వచ్చేది కాదు.

ఇక కాగితాల సంగతి. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. దాని నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవారు ఇష్టమైతే తీసుకోవచ్చు. అంటే ఆ యజమానికి అర్హత ఉంది. ఈ సంగతి చాలామంది చిన్న యజమానులకు తెలియదు కాబట్టి మీరే చెప్పండి. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో షాపును నమోదు చేసి, అబ్బాయితో ఒప్పందాన్ని అందులోనే రిజిస్టర్ చేయాలి. 2016లో మొదలైన జాతీయ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది. ఆ వాటా నేరుగా అబ్బాయి ఖాతాలో పడుతుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలేమోనని ఆయన వెనకాడుతుంటే, ఒప్పందంలో రాస్తే తప్ప ఆ బాధ్యత ఉండదని నచ్చజెప్పండి.

మీ వైపు నుంచి చూస్తే ఆ ఒప్పందమే అబ్బాయికి రక్ష. పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలి. అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. చివర్లో పరీక్ష రాసి నెగ్గితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రేపు పెద్ద కంపెనీకి దరఖాస్తు చేసేటప్పుడు ఈ ఏడాదికి అదే రుజువు. రిజిస్ట్రేషన్ మాట ఎత్తగానే ‘ఇవన్నీ ఎందుకులెండి’ అని దాటవేసే యజమాని ఎంత మంచివాడైనా సరే, మరో షాపు చూసుకోండి.

సంతకం చేసే ముందు ఒక పూట ఆ షాపులో కూర్చోండి. అక్కడ ఇప్పటికే పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఉంటే, మోటారు మొత్తం సొంతంగా చుట్టాడో లేదో అతన్నే అడగండి. మీ అబ్బాయికి 18 ఏళ్లు నిండకపోతే ఒప్పందంపై సంరక్షకుడిగా మీరూ సంతకం చేయాలి.