ఆట విశాఖలో, బస శ్రీకాకుళంలో

ప్రశ్న: మావారూ, ఆయన స్నేహితులూ జనవరిలో గోల్ఫ్ ఆడటానికి విశాఖ వెళ్తున్నారు. నాలుగు రోజులు. నేనూ, మా అత్తగారూ కూడా బయల్దేరుతున్నాం. అరకు ఇదివరకే చూశాం. శ్రీకాకుళం వైపు వెళ్దామంటే ‘అక్కడేముంది?’ అంటున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ‘అక్కడేముంది’ అన్న మాట నేను చిన్నప్పట్నుంచీ వింటున్నదేనమ్మా. అన్నవాళ్ళలో చాలామంది మా జిల్లాని రైలు కిటికీలోంచి చూసినవాళ్ళే. మీరు మాత్రం రెండు రాత్రులు శ్రీకాకుళంలో ఉండండి. పొద్దున్న వచ్చి సాయంత్రం విశాఖ వెళ్ళిపోతే దారి తప్ప ఏమీ మిగలదు.

ఆట సంగతి ముందు తేల్చేద్దాం. ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది, 18 హోల్స్. ముందుగా ఫోన్ చేసి, తమ క్లబ్బు నుంచి పరిచయ పత్రం పట్టుకెళ్ళమనండి. మొదటి రెండు రోజులూ పొద్దున్నే ఆడేయమనండి. రెండోనాడు ఆట అవగానే బ్యాగులు బండిలో పడేసి బయల్దేరిపోండి.

హైవే మీద చిలకపాలెం దగ్గర ఎడమకి తిరిగితే ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు. ఇక్కడ తొందరపడకండి. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకుండే సన్నటి పళ్ళ వరస పోగుపోగునీ విడదీసి, చెత్త వదిలించి, మెరుపు తెస్తుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. ఆ డొప్ప ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ నూలు తీస్తారు. వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నటి పోగు, అంతా చేత్తోనే. వడికేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళే. మీ అత్తగారిని వాళ్ళ పక్కన కాసేపు కూర్చోనివ్వండి. పంచె ధర చూసి బేరం మొదలెట్టే ముందు ఆ వేళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి. అక్కడ బేరమాడటం నాకు ఇష్టం ఉండదు.

మూడోనాడు తెల్లారకుండానే అరసవల్లి వెళ్ళండి, ఊరిని ఆనుకునే ఉంది. అక్కడి సూర్యనారాయణస్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది మార్చి, అక్టోబరు నెలల్లో, జనవరిలో కాదు. అది చూడాలని వస్తే నిరాశ పడతారు. పంచాంగం చూసుకుని రథసప్తమికి అటూ ఇటూ రెండు రోజులు వదిలేయండి. ఆ జనంలో పెద్దావిడతో నిలబడలేరు. అక్కణ్ణించి శ్రీకూర్మం. పడమటి ముఖంగా ఉండే కూర్మనాథుడు, రెండు ధ్వజస్తంభాలు, ప్రదక్షిణ మండపం గోడల మీద పాత చిత్రాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు.

మధ్యాహ్నం శాలిహుండం. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. ఎక్కడం కొంచెమే, అయినా మోకాళ్ళ నొప్పులుంటే కిందున్న మ్యూజియంలో కూర్చోవచ్చు. పైనించి నది కనిపిస్తుంది. అదే నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఒడ్డున తిరగండి, నీళ్ళలోకి దిగొద్దు.

నాలుగోనాడు ముఖలింగమా, తేలినీలాపురమా అని అడిగితే తేలినీలాపురమే అంటాను. ముఖలింగం గుడి రాతి పనికి సాటి లేదు, అక్కడ ఊరి మొదట్లోనే ఉన్న సోమేశ్వరాలయం దగ్గర చాలామంది బండి కూడా ఆపరు, నాకు బాధేస్తుంది. కానీ ఆ గుడి ఏ నెలలో వచ్చినా ఉంటుంది. టెక్కలి దాటాక వచ్చే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు నుంచి మార్చి దాకానే. ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు. నౌపడ తంపర (చిత్తడి నేల) నుంచి చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెడుతుంటాయి. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఆ ఊరివాళ్ళు వాటిని. హారన్ కొట్టనివ్వకండి, చెట్ల కింద గట్టిగా మాట్లాడొద్దు.

తిరుగు రైలుకి మళ్ళీ విశాఖ పోనక్కర్లేదు. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కి టికెట్ తీయించండి. ఆ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆముదాలవలసలో ఉంది. గోల్ఫ్ బ్యాగులతో ఆటోలో ఇరుక్కోకుండా పెద్ద బండి మాట్లాడుకోండి.