స్టేడియం కచేరీ: టిక్కెట్టు కంటే ముందు తిరుగు ప్రయాణం

అమెరికాకు కొత్తగా వచ్చిన జంటలు నన్ను అడిగే సందేహాల్లో ఇదొకటి. "పెద్ద స్టేడియంలో రాక్ కచేరీ చూడాలని ఇద్దరికీ కోరికగా ఉంది. ఏ టిక్కెట్టు కొనమంటారు?" టిక్కెట్టు సంగతి తర్వాత చూద్దాం. కచేరీ అయ్యాక ఇంటికి ఎలా చేరతారో ముందు చెప్పండి.

మేముండే న్యూజెర్సీనే తీసుకోండి. ఈస్ట్ రూథర్‌ఫోర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియంలో 82,500 మంది పడతారు. వచ్చేటప్పుడు జనం మధ్యాహ్నం నుంచీ కొంచెం కొంచెంగా వస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం అందరూ ఒక్కసారే లేస్తారు. చుట్టూ హైవేలే కాబట్టి, నాలుగడుగులు నడిచి అవతలి వీధిలో టాక్సీ ఎక్కుదామంటే కుదరదు. మాన్‌హాటన్‌లోని పెన్ స్టేషన్ నుంచి వచ్చేవారు సికాకస్ జంక్షన్‌లో రైలు మారాలి. అక్కడి నుంచి స్టేడియానికి వెళ్లే రైలు పెద్ద కార్యక్రమాలున్న రోజుల్లోనే నడుస్తుంది. తిరుగు టిక్కెట్టు కూడా వెళ్లేటప్పుడే కొని పెట్టుకోండి.

చివరి పాట మొదలవగానే లేచిపొమ్మని చాలామంది సలహా ఇస్తారు. నాకది నచ్చదు. సాయంత్రమంతా ఎదురుచూసింది ఆ పాట కోసమే కదా! మేమిద్దరం అందుకు పూర్తిగా విరుద్ధం. దీపాలు వెలిగాక కూడా కుర్చీలోంచి కదలము. వేదిక మీద పనివాళ్లు లావుపాటి వైర్లను చుట్టలు చుట్టి పెట్టెల్లో సర్దుతుంటారు. మావారికి పాటగాళ్లకంటే వీళ్లను చూడటమే ఇష్టమేమోనని నా అనుమానం. బయటికి పొమ్మని సిబ్బంది చెప్పేవరకూ అలా కూర్చుంటే మెట్ల దగ్గర తోపులాట తగ్గుతుంది. కారులో వెళితే, దిగగానే దగ్గరలోని స్తంభం మీదున్న అక్షరాన్నీ అంకెనూ ఫోటో తీసుకోండి. రాత్రి పదకొండు గంటలకు ఆ పార్కింగ్ మైదానంలో అన్ని కార్లూ ఒకే రంగులో కనిపిస్తాయి.

ఇక టిక్కెట్లు. ఇప్పుడు చాలావరకు అన్నీ ఫోనులోనే ఉంటాయి. చాలా టిక్కెట్ల మీది బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్ పనికిరాదు. గేటు దగ్గర వేలాది ఫోన్లు ఒకేసారి నెట్‌వర్క్ మీద పడతాయి. అందుకే ఇంట్లో ఉండగానే టిక్కెట్టును ఫోనులోని వాలెట్ యాప్‌లోకి ఎక్కించండి. రెండు టిక్కెట్లూ ఒకరి ఫోనులో ఉంచకుండా రెండోది భార్యకో భర్తకో బదిలీ చేయండి. జనంలో విడిపోతే ఎవరి దారి వాళ్లకుంటుంది. 2025 మే నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం టిక్కెట్లు అమ్మేవాళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరనే ముందుగా చూపాలి. చివరి పేజీలో గుండె గుభేలుమనే బాధ కొంత తగ్గింది.

వేదికకు దగ్గరగా, నేల మీద ఉండే చోటుకే అందరూ ఎగబడతారు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఒకసారి అక్కడ నిలబడి మూడు గంటలు ఒక పెద్దమనిషి టోపీని చూశాను. నా వంటివారికి పక్క గ్యాలరీలో కింది అంతస్తు మేలు. అక్కడైనా ముందువరుస వాళ్లు లేస్తే మీరూ లేవాల్సిందే, కూర్చోమని అడిగితే వింతగా చూస్తారు. కాబట్టి చెప్పుల విషయంలో షోకులకు పోవద్దు.

సంచి గురించి గట్టిగా చెప్పాలి. ఎన్ఎఫ్ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు ఆడే మెట్‌లైఫ్ లాంటి స్టేడియాల్లో 2013 నుంచి పారదర్శకమైన సంచి నియమం ఉంది. 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు మించకూడదు. అది కాక అరచేతి పాటి చిన్న పర్సు ఒకటి పట్టుకెళ్లవచ్చు. కచేరీలకూ సాధారణంగా ఇదే పద్ధతి. మొదటిసారి నేను నా తోలు సంచితో గేటు దాకా వెళ్లాను. కాపలా అమ్మాయి నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. మావారు ఆ సంచిని చంకన పెట్టుకుని కారు దాకా నడిచి వచ్చేసరికి మొదటి బృందం పాడేసి వెళ్లిపోయింది. నిజానికి టిక్కెట్టు మీద వేసే సమయం చాలాసార్లు ఆ మొదటి బృందానిదే. మనం చూడాలనుకున్న అసలు బృందం వాళ్లు గంటకో, ఇంకా ఆలస్యంగానో వస్తారు.

1965లో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ వాయించినప్పుడు 55 వేల పైచిలుకు జనం అరుపుల్లో వాళ్ల పాట వాళ్లకే వినిపించలేదట. ఇప్పుడు కథ తిరగబడింది, మన చెవులనే కాపాడుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని, 100 అయితే పావుగంట మించకూడదని ఇక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. కచేరీ మూడు గంటలు! చెవి బిరడాలు (ఇయర్‌ప్లగ్స్) రెండు జతలు కొనండి. పాట చెడదు, గోల తగ్గుతుంది అంతే. పై అంతస్తులో కూర్చుంటే ఒక తమాషా చూస్తారు. తెర మీద డ్రమ్ముపై కర్ర పడుతుంది, దెబ్బ మాత్రం ఒక్క క్షణం ఆగి వినిపిస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది మరి.

ఇంకొక్క మాట, వీసా మీద ఉన్నవారికి. చుట్టుపక్కల గంజాయి పొగ తప్పకుండా వస్తుంది. న్యూజెర్సీలో పెద్దవాళ్లకు అది చట్టబద్ధమే, కేంద్ర చట్టం ప్రకారం మాత్రం ఇంకా నేరమే. వీసా, గ్రీన్‌కార్డు వ్యవహారాలు చూసేది కేంద్రం. పక్కవాళ్లు ఎంత ఆప్యాయంగా చేయి చాపినా వద్దని నవ్వేయండి. బీరు కావాలంటే 21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు కార్డు చూపాలి. పాస్‌పోర్టును ఆ జనంలోకి మోసుకెళ్లే బదులు, అంతకుముందే రాష్ట్ర గుర్తింపు కార్డో డ్రైవింగ్ లైసెన్సో తీసుకోండి. నెరిసిన జుట్టుతో మావారు కూడా ప్రతిసారీ కార్డు చూపించాల్సిందే. ఆయనకది మహా సంబరం.