వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో నిర్లక్ష్యం ఎక్కడ మొదలవుతుంది?

వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పెద్దవాళ్లను పట్టించుకోకపోవడం, వారిపై చేయి చేసుకోవడం ఎందుకు జరుగుతాయి, అక్కడ పనిచేసేవారికి మనసు ఉండదా అని మీరు అడిగారు. పక్షవాతంతో మంచం పట్టిన మా అమ్మ చివరి రెండేళ్లు అలాంటి కేంద్రంలోనే గడిపింది. అక్కడ క్రూరులు లేరని నేను అనను. కానీ నేను చూసినంతవరకు నిర్లక్ష్యం సిబ్బంది కొరతతో మొదలై, అడిగేవాళ్లు లేకపోవడంతో ముదురుతుంది.

అమ్మ ఉన్న అంతస్తులో కదల్లేనివాళ్లు 12 మంది, రాత్రి ఆయాలు ఇద్దరే. పడక పుండ్లు రాకుండా సాధారణంగా 2 గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలంటారు. ఒక్కొక్కరిని తిప్పి, తడిసిన బట్టలు మార్చడానికి ఇద్దరూ కలిసి పట్టుకున్నా 10 నిమిషాలు పడుతుందనుకుంటే, చివరి మంచం పూర్తయ్యేసరికి మొదటి మంచానికి మళ్లీ వేళవుతుంది. ఈలోగా ఎవరైనా బెల్లు నొక్కినా, బాత్రూములో జారిపడినా ఏదో ఒక మంచం వదిలేయక తప్పదు. మొదటిసారి వదిలేసినప్పుడు ఆయా బాధపడుతుంది, పదోసారికి అలవాటు పడుతుంది. రిజిస్టరులో మాత్రం తిప్పినట్టే రాస్తుంది, ఎందుకంటే గడి ఖాళీగా ఉంటే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే, మనుషులను తక్కువగా పెట్టిన యాజమాన్యం కాదు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అమ్మ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. బల్ల మీద గ్లాసు నిండా నీళ్లున్నాయి, కానీ అది చచ్చుబడిన ఎడమచేతి వైపు ఉంది. మంచానికి తగిలించిన కాగితంలో ఉదయం నుంచి మూడుసార్లు నీళ్లు తాగించినట్టు టిక్కులున్నాయి. డ్యూటీలో ఉన్న ఆయాను అడిగితే ఆ అమ్మాయి వాదించలేదు, ఏడ్చింది. రాత్రి డ్యూటీ చేశాక, పగలు రావలసిన మనిషి రాకపోవడంతో ఆమెనే ఉండిపొమ్మన్నారట. పై అధికారికి ఫిర్యాదు చేస్తానంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వద్దమ్మా, నువ్వు వెళ్లిపోయాక నన్ను చూసేది వాళ్లే కదా" అంది.

సిబ్బంది చెయ్యి లేచేది ఎక్కువగా డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు) ఉన్నవారి దగ్గర. స్నానం చేయించబోతే వారు భయపడి కొడతారు, రక్కుతారు. అది జబ్బు లక్షణమని ఎవరూ నేర్పని మనిషి దాన్ని తనకు జరిగిన అవమానంగా తీసుకుంటుంది. అవసరం లేకపోయినా మత్తు మందులిచ్చి పడుకోబెట్టడమూ హింసే. ఇలాంటి సంస్థల సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు గత ఏడాదిలో వృద్ధుల పట్ల ఏదో ఒక రకమైన హింసకు పాల్పడినట్టు స్వయంగా చెప్పారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. అంతమందీ దుర్మార్గులని నేను నమ్మలేను.

మీవాళ్లు అక్కడ ఉంటే వేళలు మార్చి, చెప్పకుండా వెళ్లండి. మడమలు, నడుము కింది భాగం చూడండి, వేలితో నొక్కినా పోని ఎరుపే పడక పుండుకు మొదటి గుర్తు. ఇంకా చేర్చకపోతే, రాత్రి ఎంతమందికి ఒక ఆయా ఉంటుందో అడగండి. సూటిగా అంకె చెప్పలేకపోతే, గదులు ఎంత బాగున్నా అక్కడ చేర్చకండి.