‘చిట్టి చిలకమ్మా’తో తరగతిలో ఏమేం చేయించవచ్చు?

చిలక ముఖం కత్తిరించి కట్టించడం, ఆకుపచ్చ రంగు వేయించడం, చేతులు రెక్కల్లా ఊపించడం ఇవన్నీ మీకు ఇప్పటికే ఎవరో చెప్పే ఉంటారు. చేయించండి, తప్పేమీ లేదు. అయితే అయిదారేళ్ల పిల్లలకు ‘చిట్టి చిలకమ్మా’తో ఏం చేయించాలని అడిగారు కాబట్టి, మహబూబ్‌నగర్ జిల్లాలో 28 ఏళ్లు ఒకటో తరగతికి చెప్పిన దాన్నిగా నా మాట ఒకటే: ముందు పాడించడం ఆపండి.

ఆ పాట నిండా ప్రశ్నలే. అమ్మ కొట్టిందా, తోటకెళ్లావా, పండు తెచ్చావా, గూట్లో పెట్టావా, మింగావా. అయిదూ గుక్క తిప్పుకోకుండా అడిగేస్తాం, ఒక్కదానికీ జవాబు వినం. నాకు కూడా పదేళ్లు పాడించాక గాని ఈ సంగతి తట్టలేదు. అదీ నా తెలివితో కాదు.

అప్పుడు బాలానగర్ దగ్గర ఒక ఊళ్లో పనిచేసేదాన్ని. దసరా సెలవులు అయిపోయిన వారం. సీతాఫలాల కాలం. బాలానగర్ రకం అంటే మహారాష్ట్ర రైతులు కూడా పేరు పెట్టి పెంచుకుంటారు, అలాంటి చోట పండు బొమ్మ చూపించడమేమిటని దారిలో బుట్ట పెట్టుకున్నామె దగ్గర ఎనిమిది పండ్లు కొన్నాను. మా బడి గోడలో సుద్దముక్కలు పెట్టుకునే గూడు ఉండేది, అందులో సర్దాను. ఇప్పుడు కట్టే గదులకు గూళ్లే లేవు. గూట్లో పెట్టావా అంటే పిల్లలకు పక్షి గూడే గుర్తొస్తుంది, చిలక తన ఇంటికే తీసుకెళ్లిందనుకుంటారు. గదులు కట్టేవాళ్లకు ఇవి ఎవరు చెప్పాలి?

ఒక్కొక్కరూ చిలకై రావాలి, మిగతావాళ్లు అడగాలి. మూడో చిలక ఒక పాప. జూన్‌లో చేరింది మొదలు నోరు విప్పింది లేదు. హాజరు పిలిస్తే చేయి ఎత్తేది, అంతే. “అమ్మ కొట్టిందా?” అని అందరూ అరిచారు. పాప అలాగే నిలబడింది. ఇక జవాబు రాదనుకుని నేను తర్వాతి ప్రశ్న అందుకోబోతుంటే, “అమ్మ బొంబాయిలో ఉన్నది. కొట్టేది అవ్వ” అన్నది.

ఎవరూ నవ్వలేదు. ఆ తరగతిలో చాలామంది తల్లిదండ్రులు కూలిపనికి అటే వెళ్లేవారు.

“తోటకెళ్లావా?” తోట కాదట, గుట్టకు. “పండు తెచ్చావా?” పాప గూట్లోంచి ఒక సీతాఫలం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది పచ్చిది టీచర్. కళ్లు విచ్చుకోలేదు. గడ్డిలో పెట్టాలి.” ఎంతకు కొన్నానని కూడా అడిగింది. చెబితే పెద్దమనిషిలా తల అడ్డంగా ఊపింది.

ఆ వారమంతా మా పాఠం అదే. పాత అట్టపెట్టెలో వరిగడ్డి పరిచి పండ్లు మాగబెట్టాం. రోజూ పొద్దున ఒకరు నొక్కి చూడాలి, పండిందో లేదో అందరికీ చెప్పాలి. మూడో రోజుకు మూడు మెత్తబడ్డాయి. గింజలు కడిగి, పదేసి చొప్పున కుప్పలు పోశారు. పదులు, ఒకట్లు నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది. మీరూ చేయిస్తే ఒక జాగ్రత్త: గింజ కొరకనివ్వకండి, కళ్లు నలుపుకోనివ్వకండి. మా వైపు పేలకు నూరి పట్టించేది దాన్నే, కంట్లో పడితే భగ్గుమంటుంది. మరీ చిన్నవాళ్లకైతే మీరే గింజలు తీసి గుజ్జు పెట్టండి, గొంతులో అడ్డుపడుతుంది.

బడిలో మాట రాదని మనం రాసుకునే పిల్లల్లో సగం మంది, ఎవరూ ఆగి వినకపోవడం వల్ల ఊరుకున్నవాళ్లేనని నా గట్టి నమ్మకం. లెక్క చూపమంటే నా దగ్గర లేదు. ఆ వారం తనిఖీకి వచ్చినాయన మాత్రం అట్టపెట్టె వైపు చూసి, “పాట రాదా వీళ్లకు?” అన్నారు. పిల్లల చేత చప్పట్లు కొట్టించి పాడిస్తే సంతోషించి వెళ్లారు.

ఇంకొకటి. ఈ మధ్య కొందరు మొదటి ప్రశ్నను ‘అమ్మ పిలిచిందా’ అని మార్చి నేర్పుతున్నారు, కొట్టడం మంచిది కాదని. కొట్టడం మంచిదని నేనూ అనను. కానీ ఆ రోజు పిలిచిందా అని అడిగి ఉంటే, ఆ పాప మామూలుగానే చేయి ఎత్తి కూర్చునేదేమో!

గోడకు గూడు లేకపోతే అట్టపెట్టె చాలు. పండ్లు కొనేముందు మాత్రం కళ్లు చూసుకోండి.