ప్రశ్న రెండోసారి అడగకు, కోడలు పిల్లా

కోడలు పిల్లా,

నీ పీహెచ్‌డీ కోసం బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను అడగడానికి రాసుకున్న ప్రశ్నల కాగితం చూశాను. ముప్పై రెండు ప్రశ్నల్లో సగానికి పైగా "అవును", "కాదు" అనిపించేవే. మీ గైడ్ సరే అన్నారంటున్నావు కానీ, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో చాలామంది "ఇక్కడ బాగుందా?" అంటే అవునంటారు. కాసేపాగి "ఇక్కడ కష్టంగా ఉందా?" అన్నా అవుననే అంటారు. 1981లో అమెరికాలో సీగల్‌మన్ బృందం ఇలాంటి తలకిందుల ప్రశ్నలు వేసి ఈ సంగతి బయటపెట్టింది. అలాగని అది వాళ్ల లోపమని రాసుకోకు. పుట్టినప్పటి నుంచీ "సరే" అన్నందుకే మంచివాడనిపించుకున్న పిల్లాడు, పెన్ను పట్టుకుని వచ్చిన కొత్త మనిషికి కాదని ఎలా చెబుతాడు? పైగా మన ఊళ్లలో కాగితాలతో ఎవరొచ్చినా పింఛనువాళ్లో, వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపువాళ్లో అనుకుంటారు. నోరు జారితే పింఛను పోతుందని తల్లి భయం. గడపలో అడుగుపెట్టగానే నీ పనికీ పింఛనుకూ సంబంధం లేదని చెప్పు.

చూశావా, "పిల్లాడు" అనేశాను! పాతికేళ్లు దాటినవాళ్లను కూడా అలా అనే అలవాటు నాకింకా పోలేదు. నువ్వు "మీరు" అనే పిలువు.

కొత్తలో నేనొక తప్పు చేశాను. కాగితపు సంచులు చేసే చోట ఒకతన్ని "మీ డబ్బులు ఎవరి దగ్గరుంటాయి?" అని అడిగాను. "నా దగ్గరే" అన్నాడు. నమ్మకం కుదరక మళ్లీ అడిగాను. "అమ్మ దగ్గర" అన్నాడు. మూడోసారికి "సార్ దగ్గర" అన్నాడు. బళ్లో టీచరు మళ్లీ అడిగిందంటే మొదటి జవాబు తప్పనేగా లెక్క! లేచేటప్పుడు అతను జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి చూపించాడు. అప్పటి నుంచి రెండోసారి అడగాల్సి వస్తే "నాకు సరిగా అర్థం కాలేదు" అని నేరం నా మీదే వేసుకుంటున్నాను. లేదా "ఎక్కడ పెట్టుకుంటారో చూపిస్తారా?" అంటున్నాను. చూపించమంటే చాలామందికి మాట కూడా వస్తుంది. వాళ్లు పనిచేసే బల్ల దగ్గరికి, రోజూ నడిచే దారిలోకి వెంట వెళ్లు. "ఎన్నేళ్ల నుంచి" అని అడక్కు. "సంక్రాంతి ఎక్కడ చేసుకున్నారు?" అంటే సరిపోతుంది. "ఇదా, అదా" అని రెండే చెబితే కొందరు చివర విన్నదే పట్టుకుంటారు, అదీ గుర్తుపెట్టుకో.

ప్రశ్న వేశాక నోరు మూసుకుని కూర్చోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. లోపల పది అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని.

పక్కనే కూర్చున్న తల్లి జవాబులు అందిస్తుంది. ఆమెను లేచి వెళ్లమనకు, చిన్నబుచ్చుకుంటుంది. "అక్కా, మీతో మాట్లాడటానికి రేపు వేరేగా వస్తాను" అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకో.

సంరక్షకుల సంతకం మీ ఎథిక్స్ కమిటీ అడుగుతుంది, తీసుకో. అది ఆ మనిషి ఒప్పుకున్నట్టు మాత్రం కాదు. ముందు "వద్దు" అనడం ప్రాక్టీస్ చేయించు. ఎర్ర కార్డు ఒకటి చేతికిచ్చి, అది ఎత్తగానే నువ్వు రికార్డర్ కట్టేసి చూపించు. రెండు మూడుసార్లు ఆటలా చేస్తే నమ్మకం కుదురుతుంది. కొందరు కార్డు ఎత్తరు, తల తిప్పుకుంటారు, చీర కొంగు నలుపుతారు. ఆ రోజుకి ఆపేసెయ్.

"మళ్లీ వస్తా" అని ఊరికే అనకు. మనకది వీడ్కోలు మాట, వాళ్లకు మాట ఇచ్చినట్టే. ఎన్నిసార్లు వస్తావో క్యాలెండర్ మీద గుర్తుపెట్టి, వెళ్లిన ప్రతిసారీ వాళ్ల చేతే ఒకటి కొట్టేయించు.

ఆదివారం ఇంటికి రా. ఆ ముప్పై రెండింటిలో ఆరేడు ఉంచి మిగతావి తీసేద్దాం.

మీ అత్త