ఏ పని ముందు? టి.నగర్‌లో ఆర్టికల్స్ చేస్తున్న అమ్మాయి గురించి

ప్రశ్న: మా అమ్మాయి సి.ఏ. ఇంటర్ పూర్తి చేసి, చెన్నై టి.నగర్‌లోని ఒక ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్స్‌లో (సి.ఏ. చదువులో భాగంగా చేసే ఆఫీసు శిక్షణలో) చేరి అయిదు నెలలయింది. సారు, ఇద్దరు సీనియర్లు, క్లయింట్లు, అందరూ తమ పనే అర్జెంటంటారు. రాత్రి తొమ్మిది దాటితే గానీ హాస్టలుకు చేరడం లేదు. అయినా ఏదో ఒకటి మిగిలిపోయి మాట పడుతోంది. ఆఫీసు మార్పించమంటారా? (నెల్లూరు నుంచి ఒక తండ్రి)

జవాబు: ఆఫీసు మార్చే ఆలోచన ఇప్పుడే వద్దండి. మీరు రాసినదాన్నిబట్టి మీ అమ్మాయి కష్టపడటంలో లోటేమీ లేదు. కాకపోతే చివరగా ఎవరు పిలిస్తే వారి పని అందుకుంటూ, అంతకుముందు మొదలుపెట్టినదాన్ని సగంలో వదిలేస్తున్నట్టుంది. కొత్తగా చేరినవారిలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. అంత చిన్న వయసులో రోజూ మాట పడటం ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు.

ఆమె పనిలో ఒక వెసులుబాటు ఉంది. చాలా పనులకు గడువును చట్టమే పెట్టింది: చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను (టి.డి.ఎస్.) జమ చేయడానికి, మార్చి నెలది తప్ప, మరుసటి నెల 7, నెలనెలా జి.ఎస్.టి. రిటర్ను వేసేవారికి అమ్మకాల వివరాలిచ్చే జి.ఎస్.టి.ఆర్-1కు 11, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ.లకు 15, పన్ను లెక్క తేల్చి కట్టే జి.ఎస్.టి.ఆర్-3బికి 20. ఒక నోటుపుస్తకంలో ఈ తేదీలు వేసి, ఒక్కొక్కదాని కింద క్లయింట్ల పేర్లు రాసుకోమనండి.

అయితే తేదీ ఒక్కటే చూస్తే చాలదు. ఆ పని ఆగితే ఇంకెవరి పని ఆగుతుందో కూడా చూడాలి. చెన్నై ప్యారిస్ కార్నర్‌లో హోల్‌సేల్ వ్యాపారి ఒకరు 18 శాతం పన్ను పడే సరుకును 2 లక్షలకు అమ్మారనుకుందాం. ఆయన జి.ఎస్.టి.ఆర్-1 11వ తేదీకి వెళ్లకపోతే, కొనుగోలుదారుకు దక్కే క్రెడిట్ చూపిస్తూ 14న తయారయ్యే జి.ఎస్.టి.ఆర్-2బి పట్టికలో ఆ బిల్లు కనిపించదు. ఆ నెలకు 36,000 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు ఇచ్చిన పన్నును తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) అందక, 20న అతను ఆ మేరకు సొంత డబ్బు కట్టుకోవలసి వస్తుంది. అతను వ్యాపారికి ఫోన్ చేస్తాడు, వ్యాపారి మీ అమ్మాయి సారుకు చేస్తాడు. అదే రోజు సీనియర్ గట్టిగా అడిగిన పాత వోచర్ల ఫైలు రెండు రోజులు ఆగినా ఎవరికీ నష్టం లేకపోవచ్చు. గొంతు పెద్దదైనంత మాత్రాన పని పెద్దది కాదని ఆమెకు మీరే నచ్చజెప్పాలి.

ఇంకొకటి. ఇంట్లో వంట చేసేవారు ముందు ఎసరు పెట్టి, అది కాగేలోపు కూరగాయలు తరుగుతారు. క్లయింటును బ్యాంకు స్టేట్‌మెంటు అడగడానికి అయిదు నిమిషాలు చాలు. అది వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది. కాబట్టి ఉదయం సీట్లో కూర్చోగానే, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తెరవకముందే, ఇతరుల నుంచి రావలసినవన్నీ అడిగేయాలి. సాయంత్రం గుర్తొచ్చి అడిగితే ఒక రోజు పోయినట్టే.

ఇద్దరు సీనియర్లు ఒకేసారి పని ఇచ్చినప్పుడు ఏది ముందో ఆమె ఒంటరిగా తేల్చుకోనక్కరలేదు. "మూడు గంటలలోపు స్టాకు లిస్టు, బ్యాంకు రీకన్సిలియేషన్, రెండింటిలో ఒకటే అవుతుంది. ఏది ముందు చేయమంటారు?" అని ఇద్దరి ఎదుటా అడగాలి. చుట్టూ అందరూ తమిళంలో మాట్లాడుకుంటుంటే మన పిల్లలు నోరు విప్పడానికి మొహమాటపడతారు. వచ్చీరాని తమిళంలోనైనా, ఇంగ్లీషులోనైనా అడగవచ్చు. పని పూర్తికాలేదని సాయంత్రం చెప్పడం కన్నా మధ్యాహ్నమే ఇలా అడగడాన్ని ఏ సీనియరైనా మెచ్చుకుంటారు.

ఎవరూ అర్జెంటనని పని ఒకటుంది, సి.ఏ. ఫైనల్ చదువు. ఆర్టికల్స్ రెండేళ్లే. రాత్రి అలసిపోయి వచ్చాక చదువు సాగదు కనుక, ఆఫీసుకు బయలుదేరే ముందు గంటన్నర దానికే కేటాయించాలి.

వచ్చే ఆదివారం ఫోనులో ఆ నోటుపుస్తకం చదివి వినిపించమనండి. ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందో అందులో రాసి ఉందో లేదో గమనించండి. ఇలా మూడు నెలలు నడిచాక కూడా హాస్టలు చేరేసరికి రాత్రి తొమ్మిదే అవుతుంటే, పని ఆ ఆఫీసులోనే మోయలేనంత ఉందని అర్థం. అప్పుడు మార్పు గురించి నాకు మళ్లీ రాయండి.